సగందూరం అవతల

ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఎంతని ఎవరైనా అడిగితే అతను సగమే చెప్పేవాడు.

"రెండు వందల ముప్పై," అనేవాడు.

"మరి మిగతాది?"

"మిగతాది నాకేం తెలుసు? మా బావనడగండి."

చమత్కారానికి అన్న మాట కాదది. అతని ఉద్యోగమే అలాంటిది. ఊరికీ ఊరికీ మధ్య నాలుగు వందల అరవై కిలోమీటర్లు, పదకొండు గంటల ప్రయాణం. పొద్దున్న ఆరింటికి ఈ ఊరినుంచి ఒక బస్సు, ఆ ఊరినుంచి ఒక బస్సు బయల్దేరతాయి. పదకొండున్నరకి కాస్త అటూఇటూగా రెండూ నట్టనడి దారిలో ఒక హోటలు ముందు ఆగుతాయి. జనం దిగి ఒళ్లు విరుచుకుని టీ తాగుతారు. ఆ పావుగంటలో డ్రైవర్లు బళ్లు మార్చుకుంటారు. ఇటునుంచి వచ్చినవాడు అటు బండెక్కి తన ఊరికే తిరిగొస్తాడు, అటువాడు ఇటు బండెక్కి తన ఊరికి వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఎవరింట్లో వాళ్లు. కంపెనీకి బస ఏర్పాటు చేసే బెడద లేదు, డ్రైవరుకి పరాయి ఊళ్లో నల్లులతో కాపురం లేదు. ప్రయాణికుల్లో సగం మందికి డ్రైవరు మారిన సంగతే తెలియదు. వెనక సీట్లోంచి కనిపించేది మెడ ఒక్కటే కదా. "టీ తాగొచ్చాక మీ డ్రైవరు కాస్త లావెక్కాడేంటండీ?" అని ఒకావిడ కండక్టర్ని అడిగిందట.

అలా ఇరవై రెండేళ్లు, రోజు విడిచి రోజు. డిపోలో అందరూ అతన్ని సగందూరం అనే పిలిచేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు అదే ఇంటిపేరేమో అనుకుని "సగందూరం గారూ" అంటే, దానికీ పలికేవాడు. తన సగంలో ఏ మలుపు దగ్గర గేరు తగ్గించాలో, ఏ ఊరి కుక్క చక్రాలకి అడ్డం పడుతుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. హోటలు దాటాక వచ్చే మొదటి మైలురాయి మీద ఏం రాసుందో తెలియదు.

"ఒక్కసారి వెళ్లి ఆ ఊరు చూసి రావచ్చు కదన్నా," అనేవాళ్లు డిపోలో.

"చూడ్డానికేముంది? అక్కడా బస్టాండే ఉంటుంది."

ప్రయాణాలు మనిషి మనసుని విశాలం చేస్తాయని తిరిగొచ్చినవాళ్లు రాస్తూ ఉంటారు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఈ మనిషికి కొత్తగా ఒక్క వీధి కూడా పరిచయం కాలేదు. ప్రయాణం అతనికి ఇచ్చిందల్లా కుదురులేని కాళ్లు. సెలవురోజున కుర్చీలో కూర్చుంటే ఎడమకాలు తనంతట తాను క్లచ్చి తొక్కుతూ ఉండేది. భార్య ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. మిషను ముందునుంచి ఆ కాలుని కాసేపు చూసి అనేది, "ఆ కాలేదో ఇటు తెచ్చి మిషను మీద పెట్టండి. సాయంత్రానికి నాలుగు దిండుగలీబులైనా తయారవుతాయి."

బావ అంటే చుట్టం కాదు. అవతలి డ్రైవరు. మొదటిరోజు అవతలి బండెక్కి కూర్చుంటే అతని పాదం బ్రేకుకి జానెడు దూరంలో ఆగిపోయింది. తల బయట పెట్టి అరిచాడు. "ఓ బావా, నీవి కాళ్లా, కరెంటు స్తంభాలా?" అప్పటికే ఇటు బండి ఎక్కి కూర్చున్న ఆ పొడుగుకాళ్ల మనిషి మోకాళ్లు స్టీరింగుకి తగిలి విలవిల్లాడుతున్నాడు. "నీవేమన్నా కాళ్లా? పీట కోళ్లు!" అని అక్కణ్నుంచే బదులిచ్చాడు. బావ అన్న పిలుపు ఆ పూటనుంచి అలా ఉండిపోయింది.

ఇద్దరూ కలిసి గడిపింది పావుగంటలే. కానీ ఒకడు లేచిన సీట్లో, ఆ వేడి చల్లారకముందే, రెండోవాడు కూర్చుంటాడు. బావ గురించి అతనికి తెలిసిందంతా ఆ సీటు చెప్పిందే. సీటు మీద అదనంగా దిండు కనిపిస్తే బావకి నడుము పట్టేసింది. పెడలు మీద బురద అడుగుంటే వాళ్ల ఊళ్లో వాన పడింది. క్యాబిన్ అంతా నొప్పిమందు వాసన వేస్తే రాత్రి నిద్రలేదు. హోటలు ముందు ఎదురుపడగానే "చెల్లెమ్మతో గొడవా?" అని అడిగేవాడు. "నీకెవరు చెప్పారు?" అని బావ తెల్లబోయేవాడు. "గేరు రాడ్డు చెప్పింది. దాన్ని పీక నులిమినట్టు నులిమావు."

ఇటు కూరల బాక్సు అటు, అటు బాక్సు ఇటు వెళ్లేవి. ఖాళీ బాక్సు వెనక్కి పంపడం ఇద్దరు ఇల్లాళ్లకీ నామోషీ. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ ఫోన్లో ఒకరికొకరు వదిన. ఒకావిడ ఉప్పు చేయి, రెండో ఆవిడ కారం చేయి అని ఒకరి చేతి సంగతి ఒకరికి బాగా తెలుసు.

పావుగంట స్నేహంలో ఒక సుఖం ఉంది. అందులో జోకు పడుతుంది, వెటకారం పడుతుంది, కొత్త టైర్ల మీద తిట్లు పడతాయి. కష్టమైన మాట మాత్రం పట్టదు. కష్టమైన మాటకి ముందు కాస్త నసగాలి, తర్వాత కాస్త ఊరుకోవాలి. పావుగంటలో అదంతా ఎక్కడ కుదురుతుంది? ఈలోగా కండక్టరు ఈల వేస్తాడు.

ఏడాదిన్నర కిందట ఎడమ అద్దం చెప్పడం మొదలుపెట్టింది.

బావ దిగిన బండి తాను ఎక్కినప్పుడల్లా ఎడమవైపు అద్దం కొద్దిగా లోపలికి తిరిగి ఉండేది. అతను సరిచేసుకునేవాడు. మళ్లీసారి ఇంకాస్త తిరిగేది. చివరికి ఆ అద్దంలో రోడ్డు తక్కువ, సొంత బస్సు ఎక్కువ కనిపించసాగింది. ఇంత లోపలికి తిప్పుకున్న మనిషి దేన్ని చూద్దామని తిప్పుకున్నాడు? ఆ తర్వాత బస్సు ఎడమపక్క గీతలు మొదలయ్యాయి. మొదట సన్నటివి. ఒకరోజు మాత్రం బారెడు గీత, దాని పొడుగునా పసుపు రంగు.

"ఏంటి బావా ఇది?"

"కొమ్మ గీరుకుంది."

"కొమ్మకి పసుపు రంగు వేసిందెవరు?"

బావ నవ్వాడు. అతనూ నవ్వాడు. కండక్టరు ఈల వేశాడు. ఆ రెండు వందల ముప్పై కిలోమీటర్లూ అతను కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేత్తో మెడ రుద్దుకుంటూ వచ్చాడు.

మర్నాడు సెలవు. డిపోకి వెళ్లి మేనేజరు ముందు నిలబడి చెప్పేశాడు. అవతలి డ్రైవరుకి ఎడమపక్క ఆనడం లేదు, కళ్లు పరీక్ష చేయించండి అని. "నీ పేరు బయటికి రాదులే," అన్నాడు మేనేజరు. ఆఫీసుల్లో బయటికి రాదన్న పేరే అన్నిటికన్నా ముందు బయటికొస్తుంది. వారం తిరక్కుండా పరీక్ష అయింది. నీటికాసులు, అదే గ్లకోమా, చాలా ముదిరాయి, పోయిన చూపు తిరిగి రాదు అన్నారు. బావని బండి దింపేశారు. టైర్ల గోడౌన్లో పని ఇస్తామన్నారట. బావ ఇంటికెళ్లిపోయాడు.

ఆ రోజునుంచి బావ ఫోను ఎత్తలేదు. బాక్సు కూడా రాలేదు.

చేసింది మంచి పని. అందులో ఎవరికీ సందేహం లేదు, అతనికీ లేదు. నలభై మంది కూర్చునే బస్సు అది. స్నేహం ప్రాణంకన్నా మిన్న అని చెప్పే సూక్తులు బోలెడున్నాయి గానీ, ఎవరి ప్రాణంకన్నా అనేది వాటిలో రాసి ఉండదు. అంతా బాగానే ఉంది. మరి మంచి పని చేసినవాడికి నిద్ర పట్టాలా వద్దా? అతనికి పట్టలేదు. నడుస్తున్న బండిలో తన అద్దం తానే పదిసార్లు సర్దుకునేవాడు. అద్దానికేమైనా అయిందా అని దారిమధ్యలో ఆపి దిగి చూసేవాడు. బావ చోటులోకి వచ్చిన కొత్త డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని దిగి, పాటలు పెట్టుకునే ఎక్కేవాడు. ఆ కొత్తాయన లేచిన సీట్లో ఇతను కూర్చుంటే ఏమీ తెలిసేది కాదు. ఎవరూ కూర్చోని సీట్లాగే ఉండేది.

ఇంట్లో కాలు మరీ శ్రుతి మించింది. బావ తిడుతున్నట్టు కల వస్తే సంతోషంగా లేచి కూర్చునేవాడు. నాలుగు నెలలు చూసి భార్య మిషను ఆపింది.

"వెళ్లి ఆ తిట్లేవో తినేసి రండి."

"ఫోనెత్తడే."

"ఫోన్లో తినే తిట్లు వంటికి పడతాయా? ఇంటికే వెళ్లండి. ఆయన నోరు విప్పేదాకా మీ కాలాగదు. మీ కాలాగేదాకా నాకు కునుకు లేదు. నేనూ వస్తున్నా."

"నువ్వెందుకు?"

"నా స్టీలు బాక్సు అక్కడే ఉండిపోయింది."

ఆ విధంగా ఇరవై రెండేళ్ల తర్వాత అతను తన బస్సులో తానే ప్రయాణికుడై ఎక్కాడు. స్టీరింగు దగ్గర ఆరోజు అతనికి బదులు వచ్చిన డ్రైవరు, డిపోలో అందరూ నసగురువు అని పిలిచే మనిషి. భార్య మధ్యసీటులో కిటికీ పక్కన కుదురుకుంది. అతను ఆమె పక్కన రెండు ఊళ్లు దాటేదాకా కూర్చున్నాడు. ఆపైన ముందుసీటు వెనకభాగం పట్టుకుని లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"మూడో గేరులోనే లాగుతున్నాడు చూడు, దుర్మార్గుడు," అన్నాడు.

"ఆయన బండి ఆయనిష్టం. కూర్చోండి."

"ఆయన బండేంటి, నా బండి!"

"అయితే వెళ్లి ఆయన ఒళ్లో కూర్చోండి. నన్ను మాత్రం కిటికీలోంచి చూసుకోనివ్వండి."

వెళ్లి క్యాబిన్లో డ్రైవరు పక్కసీట్లో కూర్చున్నాడు. అక్కణ్నుంచి హోటలు దాకా నసగురువుకి నరకం కనిపించింది. ఇక్కడ గేరు మార్చు, ఇక్కడ హారన్ కొట్టకు, ఇదిగో ఈ గుంటకి కుడివైపు రా. చివరికి నసగురువు బ్రేకు అరిగిందనీ, ఇతను అరగలేదనీ వాదన పడింది. వాదించుకుంటూనే హోటలు ముందు దిగారు. వాదించుకుంటూనే టీ తాగారు. అవతలి బండి వచ్చింది. పాటలాయన దిగాడు. కండక్టరు ఈల వేశాడు. "ఈ బండి బ్రేకు చూద్దువుగాని రా, ఇదీ అంతే," అని నసగురువు అటు బండెక్కాడు. ఇతను వెనకే ఎక్కి పక్కసీట్లో కూర్చున్నాడు. బండి కదిలింది.

అలవాటు మానుకోవాలని చెప్పడం తేలిక. అతని కాళ్లు ఇరవై రెండేళ్లుగా ఒక బండి దిగి ఇంకో బండెక్కాయి. ఆరోజూ దిగాయి, ఎక్కాయి. మనిషి వాటి వెంట వెళ్లాడు.

అరగంటకి ఫోను మోగింది. భార్య.

"ఎక్కడున్నారు?"

"ఎక్కడుండటమేంటి? బస్సులో."

"ఏ బస్సులో?"

"మన బస్సులోనే. ముందు కూర్చున్నాగా."

"ముందు ఎవరో గడ్డపాయన కూర్చున్నాడు. లేచి వెళ్లి చూసొచ్చా. ఆయన మీరు కాదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం, ఆ మాత్రం పోల్చుకోగలను."

అతను బయటికి చూశాడు. ఇటుకబట్టీ గొట్టం కుడిపక్కనుంచి వెనక్కి పోతోంది. పొద్దున అది ఎడమపక్కనుంచి పోయింది.

"ఆపు!" అని అరిచాడు.

నసగురువు బ్రేకు తొక్కాడు. బ్రేకు బాగానే పడింది. "ఏమైందన్నా?"

"నేను అటు వెళ్లాలి!"

"అటంటే?"

"అటే! వాళ్ల ఊరికి!"

"నువ్వా? ఆ ఊరికా?" నసగురువు నోరు తెరిచాడు. "అక్క ఒక్కతే వెళ్తోంది, నువ్వు అలవాటు కొద్దీ సగం దాకా సాగనంపడానికొచ్చావ్ అనుకున్నా గదన్నా! మరి ఈ బండెందుకెక్కావ్?"

"నువ్వెక్కితే ఎక్కా."

"నేనెక్కింది నా డ్యూటీ!"

వెనక ప్రయాణికులు మెడలు సాచారు. ఒక పెద్దాయన, "డ్రైవరు మారాడా, దారి మారిందా?" అని ఆరా తీశాడు. అతను దిగి రోడ్డు అవతలికి పరుగెత్తాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది.

"పొరపాటున ఎక్కా," అన్నాడు.

"పొరపాటు కాదు, భయం," అంది భార్య. "సరే, వెనక రండి. ముందు నేను వెళ్లి వదినని చూస్తా. అయినా మీరు తినాల్సిన తిట్లు నేను తినను, అవి అలాగే అట్టిపెట్టి ఉంచుతా."

భయమా? కాదని అతను రోడ్డు పక్కన నిలబడి చాలాసేపు తనలో తాను వాదించుకున్నాడు. బస్సేదీ రాలేదు. చివరికి ఒక లారీ ఆగింది. ఖాళీ గాజుసీసాల లోడు. నెమ్మదిగా పోతేనే సీసాలు బతుకుతాయని లారీ డ్రైవరు ముందే చెప్పాడు. గుంట గుంటకీ వెనక వెయ్యి సీసాలు గలగలమన్నాయి. హోటలు మళ్లీ వచ్చింది, ఎడమపక్కనుంచి వెళ్లిపోయింది. ఆపైన రోడ్డు అతనికి తెలియదు.

తెలియని రోడ్డు మీద అతను చిన్నపిల్లాడైపోయాడు. మలుపు తిరిగితే ఏముందో తెలియదు. ఎత్తు ఎక్కితే అవతల ఎంత పల్లమో తెలియదు. కుడికాలు లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. "కాస్త తొందరగా పోదాం బాబూ," అంటే లారీ డ్రైవరు నవ్వాడు. "అవతల పెళ్లాం కాన్పా?"

"కాదు. ఒకాయన నన్ను తిట్టాలి."

"తిట్లకి ఇంత తొందరేంటి పెద్దాయనా? నిలవుంటే పాడైపోయేవా?"

అతను ఎడమపక్కకే చూస్తున్నాడు. ఆ దారి పొడుగునా ఇళ్లు రోడ్డుని ఒరుసుకుని ఉన్నాయి. బళ్ల మీద కూరగాయలు, సైకిళ్లు, గుమ్మాల్లో కూర్చుని జడలు వేసుకుంటున్న ఆడపిల్లలు, అన్నీ ఎడమపక్కనే. ఒక ఊరి మధ్యలో రోడ్డు ఇరుకై మెలి తిరిగిన చోట బడి కనిపించింది. దాని గేటు పసుపు రంగు. ఒక రెక్క సొట్టపడి ఉంది. దాన్ని మోస్తున్న స్తంభానికి సగం ఎత్తు దాకా కొత్త సిమెంటు పూశారు, రంగు ఇంకా వేయలేదు. లారీ ఆ గేటుని బెత్తెడు దూరంలో దాటింది. లోపల పిల్లలు గోలగోలగా ఆడుకుంటున్నారు.

అదీ అతను మేనేజరుకి చెప్పిన ప్రమాదం. అక్షరాలా అదే. తాను చేసింది న్యాయమేనని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కావలసిన సాక్ష్యం కళ్లముందే దొరికాక కూడా అతని కుడికాలు ఆ లేని బ్రేకు మీదనుంచి లేవలేదు.

బావ వాళ్ల వీధికి చేరేసరికి చీకటి పడి చాలాసేపయింది. సన్నటి వీధి, చెప్పులు కుట్టే కొట్టు పక్కనుంచి ఇనపమెట్లు, పైన రెండు గదులు. మెట్లెక్కుతుండగానే ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. తన భార్య గొంతు అతను గుర్తుపట్టాడు. రెండో గొంతుని అంతకుముందు ఫోన్లోనే విన్నాడు.

"రండి అన్నయ్యా," అని బావ భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఆవిణ్ని ఇటు పంపి మీరటు వెళ్లిపోయారట. ఊళ్లు రెండే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, మూడోది ఉంటే అటూ వెళ్లేవారు."

"బావ?"

ఆమె నవ్వు తగ్గించి, కళ్లతో ముందుగది చూపించింది.

బావ కిటికీ దగ్గర చేతుల కుర్చీలో కూర్చున్నాడు. పొడుగుకాళ్లు ముందుకి చాచి ఉన్నాయి. అతను పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. బావ తల తిప్పలేదు. ఎదురుగోడ వైపే చూస్తున్నాడు.

"వచ్చావా?"

"వచ్చా."

"సగం దాకా వచ్చి వెనక్కి పోయావట."

"పోయా."

"అదీ నీ వరస."

ఆ తర్వాత ఇద్దరూ తమకి చేతనైన మాటలే మాట్లాడుకున్నారు. కొత్త బండి ఇంజను గురించి, హోటలువాడు టీలో పాలు తగ్గించడం గురించి, నసగురువు బ్రేకు గురించి. బావ రెండుసార్లు నవ్వాడు కూడా. మొహం మాత్రం ఇటు తిప్పలేదు. నవ్వు గోడకి, మాట గోడకి. మొహమైనా చూడనంత కోపం ఉన్నవాడు ఈ నవ్వెందుకు నవ్వాలి? అతనికి స్టూలు మీద ముళ్లు మొలిచినట్టయింది. మాటలైపోయాయి. పావుగంట అయుంటుంది. అతను లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు.

"ఇక్కడ ఈల వేసేవాడెవడూ లేడు," అన్నాడు బావ గోడకేసి. "కూర్చో."

కూర్చున్నాడు. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"నువ్వేనా చెప్పింది?"

"నేనే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఒప్పుకుంటావా? ఒప్పుకోవు. పైగా నాతో మాట్లాడ్డం మానేస్తావు."

"ఇప్పుడు మాట్లాడుతున్నానా నాలుగు నెలల్నించి?"

అతను ఊరుకోలేక, "దార్లో ఆ గేటు చూశా. బడి గేటు," అన్నాడు.

బావ చేతులు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాయి.  "ఆరోజు బడికి సెలవు. లేకపోతే... నాకు తగిలేదాకా తెలీదు బావా. గేటు ఉందని తెలీదు. చప్పుడు విన్నా. కొమ్మేమో అనుకున్నా. నిజంగానే కొమ్మనుకున్నా. దిగి చూస్తే గేటు."

"మరి?"

"మరేంటి మరి? నువ్వు చేసింది తప్పని నేనెప్పుడన్నా అన్నానా? ఇంట్లో అడుగు. ఒక్కరోజన్నా అన్నానేమో అడుగు." గొంతు పెరిగింది. "ఆ అద్దం నేను ఏడాదిపాటు అలాగే వదిలేసి దిగా. దిగేముందు సరిగ్గా తిప్పి దిగడం నాకు రాదా? ఇరవై రెండేళ్లు నీకు తిప్పి ఇవ్వలేదూ? నువ్వు చూస్తావని వదిలేశా. గేరు రాడ్డు చూసి మొగుడూ పెళ్లాల గొడవలు చెప్పేవాడివి, అద్దం చూసి అడగవా? 'బావా, నీకు ఎడమపక్క కనబడ్డంలేదు కదూ' అని ఒక్కమాట. నా అంతట నేను చెప్పుకోలేకపోయా. నోరు రాలేదు. నువ్వడుగుతావని రోజూ చూశా. నువ్వు టీ తాగి, జోకేసి, నా వెనకనుంచి పోయి ఆఫీసులో చెప్పావు."

"పావుగంటలో ఎలా అడగను బావా అంత మాట?"

"పావుగంటలు ఎన్నున్నాయిరా! రోజు విడిచి రోజు ఒకటి చొప్పున ఏడాది పొడుగునా ఉన్నాయి!"

బావ అతన్ని 'రా' అనడం అదే మొదలు.  నాలుగు నెలలుగా ఎదురుచూసిన తిట్టు ఇదే. కానీ ఇలా ఉంటుందనుకోలేదు. ద్రోహం చేశావంటే ప్రయాణికుల ప్రాణాలని బదులు చెప్పడానికి సిద్ధపడి వచ్చాడు. పిల్లలున్న బడి, సొట్టపడిన గేటు, అన్నీ మూటకట్టుకుని తెచ్చాడు. వాటి అవసరమే పడలేదు. అడగవలసిన మాట అడగలేదన్నదానికి ఏ గేటునీ సాక్ష్యం తేలేం.

"తిట్టు," అన్నాడు నేలకేసి చూస్తూ. "అన్నీ తిట్టు. కానీ నీకు నా మొహం చూడాలని కూడా లేకపోతే, ఆ సంగతి చెప్పెయ్. పొద్దున్నే పోతా. ఇందాకణ్నుంచీ గోడతో మాట్లాడుతున్నావు."

బావ ఆగాడు. మొదటిసారి తల తిప్పాడు. ఒక్క తలే కాదు, భుజాలు, నడుము, కుర్చీ అంతా కిర్రుమనేలా తిరిగాడు. అలా తిరిగితే గానీ అతని చూపు స్టూలు దాకా రాలేదు.

"గాడిదా," అన్నాడు. "నువ్వు కూర్చున్నది ఎడమపక్క. అక్కడ నువ్వున్నావని నాకు గొంతుని బట్టి తెలుస్తోంది అంతే. అక్కడ నాకేం లేదు. స్టూలూ లేదు, నువ్వూ లేవు."

వంటింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లూ నిలబడి ఉన్నారు.  అతను లేచాడు. ఈసారి ఎందుకు లేచాడో తెలుసు. స్టూలు ఎత్తి పట్టుకున్నాడు గానీ ఎటు పెట్టాలో ఒక్క క్షణం తోచలేదు.

"ఇటు రా," అన్నాడు బావ, కుడిచేత్తో కిటికీ పక్క ఖాళీ చూపిస్తూ. "ఎదురుగా కూర్చో. తిట్టేటప్పుడు మొహం కనబడకపోతే తిట్టినట్టే ఉండదు."

అతను కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి స్టూలు వేసుకున్నాడు. మోకాలికి మోకాలు తగిలింది. బావ చూపు అతని మొహం మీద ఆగింది, నెరిసిన మీసం మీద, కళ్లకింద సంచుల మీద, నెమ్మదిగా, ముక్క ముక్కగా.

"ముసలాడివైపోయావేంట్రా," అన్నాడు బావ. ఆపైన కాళ్లు దగ్గరికి తీసుకుని, గొంతు సవరించుకుని, మొదటినుంచి మొదలుపెట్టాడు.